చేదు తెలియని చీటీ

ఫిబ్రవరి 4

అమ్మలూ,

మన కుటుంబం పాఠ్యపుస్తకంలోకి ఎక్కుతోంది! ఈ ముక్క ముందు రాసేస్తేగాని నా చెయ్యి కుదురుగా నిలవదు. క్షేమసమాచారాలంటావా, అందరం దివ్యంగా ఉన్నాం. మీ అమ్మ కంటికి ఆపరేషన్ ఇంకో మూడు నెలలు ఆగి చేస్తామన్నారు. అంతదాకా నీ ఉత్తరాలు నేను చదవడం, ఆవిడ వినడం. ఫోను చెయ్యమని అన్నయ్య పోరుతున్నాడుగాని, బైండింగు పనిలో కటింగ్ మిషను పక్కన నలభై ఏళ్లు నిలబడ్డ చెవులకి ఫోనులో సగం మాటలే పడతాయి. ఉత్తరమైతే మాట ఎక్కడికీ పోదు.

నీ పుస్తకం అచ్చుకి తీసుకున్నారన్న కబురు, దానితోపాటు రుచి చీటీల కవర్లు, రెండూ క్షేమంగా చేరాయి. కబురు చదవగానే షాపుకి తాళం వేసి వీధి చివరదాకా వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు, ఊరికే వెళ్లాను. ఎదురైన మంగలాయనకి చెప్పాను. "ఏం పుస్తకం?" అన్నాడు. "అణువుల దగ్గర్నుంచి జీవం ఎలా నడుస్తుందో పిల్లలకి చెప్పే మొదటి పుస్తకం" అన్నాను. నువ్వు రాసిన మాటే అప్పజెప్పాను. "మీకు అర్థమయిందా?" అన్నాడు వెధవ. నా చదువు ఏడో తరగతి. అయితేనేం, డాక్టర్ల పుస్తకాలు, లాయర్ల పుస్తకాలు, ఇంజనీర్ల పుస్తకాలు, అన్నిటినీ వీపు వైపు నుంచి ఎరుగుదును. నీ పుస్తకాన్ని లోపలి వైపు నుంచి కూడా ఎరుగుతాను, చూడు.

ఇక నువ్వడిగిన ఫలితాలు. ఎవరి కవరు మీద ఎవరి వరస రాశావో వాళ్లకే ఇచ్చాను. నాలుక మీద పెట్టి పది అంకెలు లెక్కపెట్టమన్నావు, అలాగే చేశాం. మీ అమ్మకి ఏ రుచీ లేదు. అన్నయ్యకి ఏ రుచీ లేదు, "ఇందుకా ఇంత హడావుడి" అన్నాడు. మీ పెద్దత్తకి మాత్రం పరమ చేదు. థూ అని ఉమ్మేసి, "తమ్ముడూ, నన్ను చంపడానికి నీ కూతురితో విషం తెప్పించావురా" అని నా వీపు మీద రెండు వేసింది. నాది మీ అమ్మలాగే. ఉత్త కాగితం.

ఎవరికి చేదు తెలుసో చూపించే మన కుటుంబపటంలో మగాణ్ణి కనక నన్ను చతురస్రంగా, మీ అమ్మని గుండ్రంగా వేస్తావని రాశావు. సరిగ్గా కుదిరింది, ఎటు తిప్పినా మూలలు పొడుచుకొచ్చేవాణ్ణి నేనే. మన బంధువులందరికీ చెప్పేశాను. పధ్నాలుగో పాఠం అని కూడా చెప్పాను.

గాల్లో తేలుతున్న,
మీ నాన్న


ఫిబ్రవరి 19

నాన్నా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. పెద్దత్తకి నా తరఫున క్షమాపణ చెప్పు.

పటం వేయడానికి కూర్చున్నాను. ఒకచోట ఆగిపోయాను. నీకు అర్థమయ్యేలా రాస్తాను, పిల్లలకి చెప్పే పద్ధతిలోనే.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ అని ఒక పొడుగాటి పోగు ఉంటుంది. దాని మీద నాలుగే అక్షరాలు, వాటితోనే అంతా రాసి ఉంటుంది. ఆ రాతలో ఒక్కో పనికి సంబంధించిన భాగాన్ని జన్యువు అంటాం. కణం ఆ భాగాన్ని ఆర్ఎన్ఏ అనే చిన్న నకలుగా తీసుకుని, ఆ నకలు చదువుకుంటూ ప్రోటీను తయారుచేస్తుంది. నాలుక మీద ఆ చీటీ చేదును పట్టే ప్రోటీను కూడా అలా తయారయ్యేదే. దాని జన్యువు ప్రతి మనిషిలో రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తండ్రి ఇచ్చింది, ఒకటి తల్లి ఇచ్చింది. రెండిట్లో ఒక్కటి బాగున్నా చాలు, చేదు తెలుస్తుంది. రెండూ పనిచేయనివైతేనే తెలియదు.

అమ్మకి తెలియలేదు. అంటే అమ్మ దగ్గర ఉన్న రెండూ పనిచేయనివే. నీకూ తెలియలేదు. నీవీ అంతే. అన్నయ్యకి తెలియకపోవడం సరిపోయింది. కాని నాకు ఆ చీటీ భరించలేనంత చేదు. క్లాసులో నా మొహం చూసి పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. మీ ఇద్దరి దగ్గరా లేనిది నాకు ఎక్కడిది?

నాన్నా, నువ్వు చీటీని సరిగ్గానే నాలుక మీద పెట్టావా? పది అంకెలూ లెక్కపెట్టావా?

ఇంకో మాట. నేను పుట్టినప్పటి సంగతులు కొంచెం వివరంగా రాస్తావా? ముందుమాటలో వేసుకుందామని. అప్పుడు మీరెక్కడ ఉన్నారు, ఏ ఆసుపత్రి, అన్నీ.

అమ్మని అడిగానని చెప్పు.

నీ కూతురు


ఫిబ్రవరి 25

అమ్మలూ,

మా ఇద్దరి దగ్గరా లేని విద్య నీకు వచ్చిందా! చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మీ అమ్మతో, "చూశావా, మనకి లేనిది కూడా మన పిల్ల సంపాదించుకుంది" అన్నాను. ఆవిడ "చేదు సంపాదించుకోవడం కూడా ఒక గొప్పేనా" అంది. ఆవిడ మాటకేం, నువ్వు పటంలో నీ గుండ్రాన్ని నల్లగా కొట్టొచ్చినట్టు వేయించు.

చీటీ సరిగ్గా పెట్టావా అని అడుగుతావా! పుట్టి బుద్ధెరిగాక కాగితంతోనే బతికానమ్మా. ఏ కాగితం ఎంత మందమో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి, ఒక చీటీ నాలుక మీద పెట్టుకోవడం రాదూ? పది కాదు, ఇరవై లెక్కపెట్టాను. ఇక ఆ సంగతి ఎత్తకు.

నువ్వు పుట్టినప్పటి కథ అడిగావు, అడగాలేగాని ఎన్ని పేజీలైనా రాస్తాను. ఆ ఏడు మన షాపు ఇంకా లేదు. నేను వేరే ఊళ్లో పెద్ద ప్రెస్సులో బైండింగు సెక్షన్లో ఉండేవాణ్ణి. సెలవు ఇచ్చేవాళ్లు కారు. ఆ ఏడాది మొత్తం మీద నేను ఇంట్లో ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ అమ్మ అన్నయ్యని చంకనేసుకుని మీ అమ్మమ్మ దగ్గర ఉండేది. అయినా నువ్వు పుట్టావు చూడు, అదీ నా అదృష్టం! కబురు తెలిసి నేను వచ్చేసరికి నీకు నాలుగు రోజులు.

ఇంకో తమాషా విను. ఆ వార్డులో ఆ రోజు ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. ఆయా ముందు తెచ్చి మీ అమ్మమ్మ చేతిలో పెట్టింది పక్క మంచం పిల్లనిట! మీ అమ్మమ్మ గుడ్డ మడత చూసి, "ఇది మాది కాదు" అని అరిచిందిట. తర్వాత నిన్ను తెచ్చారు. అప్పట్నుంచి మీ పెద్దత్త, "తెల్లగా ఉన్నది, మనది కాదేమోరా, మార్చేశారేమో" అని ఏడిపించేది. నేను మాత్రం నీ మొహం చూడగానే అనేశాను, "ఎవరి పిల్లయితే నాకేం, నా చేతికి వచ్చింది, నాదే" అని. ఇది ముందుమాటలో వేసుకో, చదివినవాళ్లు నవ్వుతారు.

నీ విజయాలు ఊరంతా చాటుతున్న,
మీ నాన్న


మార్చి 14

అమ్మలూ,

రెండు వారాలు దాటింది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. పటం అయిందా? అచ్చుకి వెళ్లిందా? అన్నయ్య నీ మాటెత్తితే మొహం తిప్పుకుంటున్నాడు. మీ ఇద్దరి మధ్య ఏమైనా అయిందా? చిన్నప్పుడు పెన్సిలు కోసం కొట్టుకున్నట్టు ఇప్పుడు కూడానా!

కంగారుగా,
నాన్న


మార్చి 21

నాన్నా,

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించకు. అందుకే షాపు చిరునామాకి రాస్తున్నాను.

పటం అచ్చుకి వెళ్లలేదు. ఆ పేజీ ఆపించాను. ప్రచురణకర్త రోజుకోసారి అడుగుతున్నాడు, నేను ఏదో ఒక సాకు చెబుతున్నాను.

నువ్వు సంతోషంగా రాసిన ప్రతి వాక్యం నాకు ఇంకోలా వినబడింది. ఆ ఏడాది నువ్వు ఇంట్లో లేవన్నావు. వార్డులో పిల్లలు మారబోయారన్నావు. ఎవరి పిల్లయితే నాకేం అన్నావు. ఇరవై సార్లు చదివాను. అద్దం ముందు నిలబడి నా ముక్కు, నా చెవులు, నా వేళ్లు చూసుకున్నాను. ఇది చేయడానికి నాకు సిగ్గు వేసింది, అయినా చేశాను. అన్నయ్యకి ఫోను చేసి, చిన్నప్పటి సంగతులు ఏమైనా గుర్తున్నాయా అని అడిగాను. మొదట వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నీకు చదువెక్కువై మతి పోయింది" అని పెట్టేశాడు.

నియమం ఒకటి ఉంది నాన్నా. చేదు తెలియని ఇద్దరికి చేదు తెలిసే బిడ్డ పుట్టకూడదు. అందుకని సూటిగా అడుగుతున్నాను. నేను మీ ఇద్దరి బిడ్డనేనా? ఆసుపత్రిలో తారుమారయ్యానా? లేక అమ్మకి మాత్రమే తెలిసిన సంగతేమైనా ఉందా? ఏదైనా నేను తట్టుకుంటాను. నువ్వు నా నాన్నవే, అందులో మార్పు లేదు. నాకు నిజం కావాలి, అంతే.

నీ కూతురు


మార్చి 25

అమ్మలూ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చించాను.

నీ ఉత్తరం వచ్చేసరికి మీ అమ్మ షాపులోనే ఉంది. చూపు మందగించినా పుస్తకాలకి మడిచిన ఫారాలు కుట్టడం ఆవిడకి వేళ్లతోనే వచ్చు, మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటుంది. కవరు చించుతుంటే "అమ్మలుదేనా?" అంది. నాకున్న అలవాటు నీకు తెలుసుగా, కళ్లు పడ్డ మాట నోట్లోంచి వచ్చేస్తుంది. "ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించకు" అని పైకి చదివేశాను. ఆవిడ సూది ఆపింది. "చదవద్దందా? అయితే చదవండి" అంది. ఏదో పుస్తకం గొడవ, నన్ను తిట్టి ఉంటావు, సరదాగా ఉంటుందనుకున్నాను. చదివాను. అద్దం దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపాను. "ఆపకండి" అంది. చివరిదాకా చదివించింది.

కుడుతున్న ఫారం ముడి వేసి, దారం తెంపి, పక్కన పెట్టింది. అప్పుడు అంది: "నన్ను నమ్మడానికి దానికి నేను చాల్లేదు. నాలుక మీద పెట్టుకునే కాగితం కావాల్సి వచ్చింది."

అమ్మలూ, అప్పుడు చెప్పాను ఆవిడకి. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

నువ్వు పంపిన చీటీ నేను నాలుక మీద పెట్టలేదు.

కవరు విప్పి, ఎంత ముద్దుగా కోశారో అని వెలుతురుకి పెట్టి చూస్తున్నాను. వేలి కొసల నుంచి జారి మైదాపిండి జిగురు గిన్నెలో పడింది. తీసేసరికి ముద్దయిపోయింది. నా కూతురు శాస్త్రం కోసం పంపిన చీటీ! లెక్కపెట్టి పంపావు, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. పారేసుకున్నానని రాయడానికి మొహం చెల్లలేదు. ఇంత చదువుకున్న పిల్ల ఒక్క చిన్న పని అప్పగిస్తే అదీ చేతకాలేదా ఈ ముసలాడికి అనుకుంటావని.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. పుస్తకంలో ఒక పేజీ పోయిందనుకో, అదే మందం, అదే రంగు కాగితం వెతికి, కోసి, ఆ చోట అతికిస్తాం. రాత ఉండదుగాని పేజీల లెక్క సరిపోతుంది, పుస్తకం వీపు కుదురుగా కూర్చుంటుంది. ఎందరో పెద్దల పుస్తకాల్లో నేనతికించిన తెల్లకాగితాలు ఉన్నాయి. ఎవరూ తప్పు పట్టలేదు. నేనూ అదే చేశాను. మీ అమ్మ చీటీ పక్కన పెట్టుకుని, సరిగ్గా అదే పొడుగు, అదే వెడల్పు, నా దగ్గరున్న కాగితంలోంచి కోశాను. దాన్ని నాలుక మీద పెట్టి నిజంగానే ఇరవై లెక్కపెట్టాను. కాగితానికి కాగితం రుచి ఉంటుంది, ఇంకేముంటుంది, అనుకున్నాను. నువ్వు పంపినదాంట్లో మందు ఇంకించి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. మీ పెద్దత్త ఉమ్మేస్తే కూడా రాలేదు. ఆవిడకి మనం పెట్టినవన్నీ చేదే కదా అనుకున్నాను.

నువ్వు మళ్లీ అడిగినప్పుడైనా చెప్పొచ్చు. "ఇక ఆ సంగతి ఎత్తకు" అని నీ నోరు మూయించాను. ఆ మాట రాసిన చెయ్యి ఇదే.

నా మీద పడాల్సిన సిగ్గు మీ అమ్మ మీద పడింది. పెళ్లై ముప్పై ఎనిమిదేళ్లు. ఆవిడ మీద ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్న మొదటి మాట ఆవిడ కన్నబిడ్డది, దాన్ని గట్టిగా చదివి వినిపించింది నేను.

"మీ జిగురు గిన్నె నా కాపురంలో పడింది" అంది ఇంటికి వెళుతూ. అప్పట్నుంచి అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు.

తలెత్తుకోలేని,
నాన్న


మార్చి 29

నాన్నా,

నీ ఉత్తరం స్టాఫ్‌రూములో చదివాను. చదివి తలుపు దగ్గరేసుకుని కూర్చున్నాను. తర్వాతి క్లాసుకి వెళ్లలేకపోయాను.

నువ్వు సిగ్గుపడుతున్నావు. నా సిగ్గు ముందు నీది ఎంత? నువ్వు ఒక చీటీ మార్చావు. నీకు అది చీటీ. నాకు మాత్రం అన్నీ తెలుసు. ఆ నియమం నూటికి నూరుపాళ్లు నడవదనీ, ఇంకా కొన్ని జన్యువులు అందులో చెయ్యి పెడతాయనీ తెలుసు. పధ్నాలుగో పాఠం చివర నా చేత్తో నేనే రాశాను: "ఈ ఒక్క లక్షణం చూసి ఎవరు ఎవరి బిడ్డో తేల్చకూడదు." క్లాసులో పిల్లలు తేడా ఫలితం తెస్తే, "ముందు మీ చీటీని అనుమానించండి, మీ సీసాని అనుమానించండి, చేసిన పద్ధతిని అనుమానించండి" అని వందసార్లు చెప్పాను. నా దాకా వచ్చేసరికి చీటీ జోలికి పోలేదు. తిన్నగా అమ్మ దగ్గరికి పోయాను.

"అమ్మకి మాత్రమే తెలిసిన సంగతి" అని రాసింది నేను. ఆ వాక్యం ఇప్పుడు ఎలా వెనక్కి తీసుకోను?

కొత్త చీటీలు పంపుతున్నాను. ఈసారి నీకు ఆరు. జారినా ఫరవాలేదు. పెట్టి చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. చేదు తెలియకపోయినా సరే, అలాగే రాయి. నాకు ఇక ఏ అనుమానమూ లేదు, ఇది పుస్తకం కోసం.

పుస్తకం గురించి ఒక మాట అడగాలి. మన తప్పు పటాన్ని అలాగే వేసి, కింద ఒక ప్రశ్న ఇవ్వాలనుకుంటున్నాను. "ఈ కుటుంబపటం నియమానికి సరిపోవడం లేదు. ఏమేమి జరిగి ఉండవచ్చు? మొదట దేనిని పరీక్షిస్తారు?" అని. వెనక పేజీలో జవాబుగా నీ సంగతి రాస్తాను. పేరు ఉండదు. నీకు కష్టంగా ఉంటే మానేస్తాను.

అమ్మకి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. దాన్ని కూడా నువ్వే చదివి వినిపిస్తావని గుర్తొచ్చి ఆగిపోయాను.

నీ కూతురు


ఏప్రిల్ 4

అమ్మలూ,

చేదు! పరమ చేదు! మాత్ర నమిలినట్టు, నాలుక చివర నుంచి గొంతుదాకా, చెప్పలేనంత చేదు! నా జన్మలో ఇంత చేదు తిని ఇంత ఆనందించలేదు!

ఈసారి పద్ధతిగా చేశాను. జిగురు గిన్నె వీధరుగు మీద పెట్టించాను. చేతులు కడుక్కున్నాను. కవరు మీ అమ్మ చేతికిచ్చి, "నువ్వే పెట్టు నా నాలుక మీద, నన్ను నమ్మొద్దు" అన్నాను. ఆవిడ వేళ్లతో తడుముకుని పెట్టింది. మూడో అంకెకే నా మొహం వంకర పోయింది. చూపు సరిగ్గా ఆనకపోయినా తెలిసిపోయింది ఆవిడకి.

"ఎలా ఉందండీ?"

"చేదు!"

"ఇంకాసేపు ఉంచుకోండి," అంది.

ఉంచుకున్నాను. పది రోజుల తర్వాత ఆవిడ నాతో ఆడిన మొదటి మాటలు అవి, కాదంటానా? యాభై దాకా ఆవిడే లెక్కపెట్టింది. నడుమ రెండుసార్లు లెక్క తప్పినట్టు నటించి మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు నవ్వింది. నవ్వి, వెంటనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను అటు చూడలేదు.

అంటే నా దగ్గర ఒక ప్రతి బాగున్నదీ, ఒకటి పనిచేయనిదీ ఉన్నాయన్నమాట. బాగున్నది నీకిచ్చాను, రెండోది అన్నయ్యకిచ్చాను. సరిగ్గా చెప్పానా? మంగలాయనకి కూడా ఇలాగే చెప్పాను. ఈసారి ఆయన "మీకు అర్థమయిందా" అనలేదు.

ప్రశ్న వేయి. జవాబు కూడా వేయి. పేరొద్దుగాని "ఒక బైండరు" అని రాయి, అంతమాత్రమైనా నా మీద పడాలి. నీ క్లాసు పిల్లలు నన్ను చూసి నవ్వితే నవ్వనీ. నవ్వాక చీటీ జాగ్రత్తగా పట్టుకుంటారు.

ఇప్పుడు అందరికీ చెప్పాలి. పుస్తకంలోకి ఎక్కుతున్నామని ఊదరగొట్టిన నోటితోనే ఇదీ చెప్పాలి. ఎవరెవరికి, ఎవరు చెప్పాలో రాస్తున్నాను, ఒక్కరినీ వదలకు.

మీ పెద్దత్తకి. నేనే వెళ్లి చెబుతాను. ఆ రోజు ఆవిడ నాలుక సరైనదీ, నాది అబద్ధమూ అని. "మార్చేశారేమో" అన్న హాస్యం ఇక ఆడొద్దని కూడా.

మీ బాబాయికి. చీటీలో ఏ రుచీ లేదని నా మాట పట్టుకుని పది మందికి చెప్పాడు, ఆ పది మందికీ వాడే తిరిగి చెప్పాలి.

మీ పిన్నికి. ఆవిడకి అసలు ఏమీ తెలియదు. పటంలో అక్క పక్కన ఎవరున్నారని అడుగుతోంది, అంతే. సగం చెప్పు చాలు.

అన్నయ్యకి. నువ్వు ఫోను చెయ్యి. వాడు ఎత్తకపోతే మళ్లీ చెయ్యి. వాడి కోపం నీ మీద కాదు, అమ్మ కోసం.

వదినకి. అన్నయ్య చెప్పి ఉంటాడు, అయినా విడిగా చెప్పు.

మీ అమ్మకి. ఫలితం ఆవిడకి తెలుసు, లెక్కపెట్టింది ఆవిడే. ఆవిడకి చెప్పాల్సిన మాట వేరే ఉంది. దాన్ని నాకు రాసి పంపకు, నేను చదవను. పొద్దున బస్సెక్కి నువ్వే రా.